గోడ బొమ్మల మీద డాక్యుమెంటరీ తీద్దామనుకునే స్టూడెంట్స్‌కి: గోడ వెతకడం నుంచి గల్లీలో షో దాకా

కాలేజీలో గ్రాఫిటీ మీద డాక్యుమెంటరీ తీస్తామని బయల్దేరిన టీములు దాదాపు అన్నీ మొదటి వారంలో ఒకే పని చేస్తాయి. బండేసుకుని సిటీ అంతా తిరిగి, కనిపించిన ప్రతి రంగుల గోడనీ షూట్ చేసి, హార్డ్ డిస్కు నింపుకుని వస్తాయి. తీరా ఆ ఫుటేజీ టైమ్‌లైన్ మీద పరిచి చూస్తే గోడ తర్వాత గోడ, మళ్లీ గోడ. రెండో నిమిషానికే చూసేవాళ్ల చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. కొన్నేళ్లుగా స్టూడెంట్ టీములతో కలిసి తిరుగుతున్నాను, ఎడిటింగ్ దగ్గర వాళ్ల పక్కన కూర్చుంటున్నాను, అందుకే మొదట్లోనే గట్టిగా చెప్తున్నాను: ఒక్క గోడని పట్టుకోండి. ఆ గోడ ఎవరిది, దాని మీద ఎవరు వేశారు, దాని నీడలో రోజూ ఎవరు కూర్చుంటారు, రేపు దాన్ని ఎవరు చెరిపేస్తారు. పది నిమిషాల సినిమాకి ఇది చాలు, నిజానికి ఇదే ఎక్కువ.

ఉదాహరణలు హైదరాబాద్ నుంచే ఇస్తున్నాను, నాకు బాగా తెలిసిన గోడలు అవే కాబట్టి. మీది విజయవాడైనా వరంగల్ అయినా పద్ధతి ఇదే.

ఏ గోడ?

గ్రాఫిటీ అనగానే మనకి స్ప్రే క్యాన్, వంకర్లు తిరిగిన ఇంగ్లీషు అక్షరాలు గుర్తొస్తాయి. ఆ పద్ధతి అమెరికాలో 1960ల చివర్లో ఫిలడెల్ఫియా, న్యూయార్క్ కుర్రాళ్లు తమ పేరు గోడల మీద, రైళ్ల మీద రాసుకోవడంతో మొదలైంది. టాకీ 183 అని సంతకం చేసే ఒక కుర్రాడి గురించి 1971లో న్యూయార్క్ టైమ్స్ రాశాక అది ఇంకా పాకింది. 183 అంటే అతను ఉండే వీధి నంబరు. మన దేశంలో ఆ దారిలో వచ్చినవాళ్లలో ఢిల్లీ గోడల మీద ‘డాకూ’ అని దేవనాగరిలో రాసిన ఆర్టిస్టు బాగా తెలిసిన పేరు, ముఖం మాత్రం చూపించడు. ఇలా అడక్కుండా రాసేది గ్రాఫిటీ. అడిగి, అనుమతి తీసుకుని, పరంజా కట్టుకుని పట్టపగలు వేసే పెద్ద బొమ్మ మ్యూరల్. రెంటినీ కలిపి స్ట్రీట్ ఆర్ట్ అనేస్తుంటారు గానీ, సినిమా తీసేవాళ్లకి ఈ తేడా చాలా ముఖ్యం. మ్యూరల్ అయితే ఆర్టిస్టు మీ కెమెరా ముందు నిలబడి గంటసేపు మాట్లాడతాడు, గ్రాఫిటీ అయితే ముఖం చూపించినా అతనికి ప్రమాదమే.

హైదరాబాద్‌లో మ్యూరల్స్ చూడాలంటే రాజ్‌భవన్ పక్కనున్న ఎం.ఎస్. మక్తాకి వెళ్లండి. 2016లో స్ట్రీట్ ఆర్ట్ కోసం పనిచేసే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు దేశవిదేశాల ఆర్టిస్టులని తీసుకొచ్చి ఆ బస్తీ ఇళ్ల గోడల మీద బొమ్మలు వేయించారు, అప్పట్నుంచి దాన్ని మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్ అంటున్నారు. హైదరాబాద్ ఆర్టిస్టు దంపతులు స్వాతి, విజయ్ వేసే నిండు రంగుల తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలు కూడా అక్కడ చూడొచ్చు. ఇవి అందరూ షూట్ చేసిన గోడలే కదా అనుకోకండి. బొమ్మని అందరూ తీశారు. ఆ బొమ్మ ఉన్న ఇంట్లో కాపురముండే మనిషిని ఎంతమంది అడిగారు?

ఇంకో రకం గోడలున్నాయి, వాటిని మన టీములు పట్టించుకోవు, నాకైతే అవే ఎక్కువ ఇష్టం. మన ఊళ్లలో స్ప్రే క్యాన్ రాకముందు నుంచీ గోడ రాతలు ఉన్నాయి. సున్నం కొట్టి దాని మీద నీలం, ఎరుపు రంగులతో రాసిన పార్టీ నినాదాలు, విద్యార్థి సంఘాల రాతలు, తెలంగాణ ఉద్యమం రోజుల ‘జై తెలంగాణ’లు, సిమెంటు కంపెనీల ప్రకటనలు, ‘ఇచ్చట నోటీసులు అంటించరాదు’, దాని మీదే అంటించిన నోటీసు. ఇవన్నీ చేత్తో రాసినవాళ్లు ఇంకా ఉన్నారు, చాలామంది ఫ్లెక్సీలు వచ్చాక వేరే పనుల్లోకి వెళ్లారు. వాళ్లలో ఒక్కరు దొరికినా మీకు సినిమా ఉన్నట్టే.

గోడ ఖాయం చేసుకునే ముందు మూడు విషయాలు చూసుకోండి. మీ హాస్టల్ నుంచో ఇంటి నుంచో అరగంటలో అక్కడికి చేరుకోగలగాలి, ఎందుకంటే కనీసం పదిసార్లు వెళ్లాలి. ఆ గోడ గురించి మాట్లాడే మనుషులు ఇద్దరైనా ఉండాలి, వాళ్లిద్దరి మాటా ఒకటే కాకపోతే మరీ మంచిది. మూడోది, రాబోయే రెండు నెలల్లో ఆ గోడకి ఏదో ఒకటి జరిగే అవకాశం ఉండాలి: కొత్త బొమ్మ పడటం, పాతది వెలిసిపోవడం, పోస్టర్లు ఎక్కడం, రోడ్డు వెడల్పులో గోడే పోవడం. ఎన్నికలు దగ్గర్లో ఉంటే ఇంకా మంచి సందర్భం. షెడ్యూల్ ప్రకటించగానే ఎన్నికల సంఘం నిబంధన ప్రకారం ప్రభుత్వ ఆఫీసుల గోడల మీది రాతలు 24 గంటల్లో, మిగతా బహిరంగ స్థలాల్లోవి 48 గంటల్లో, రూల్స్‌కి విరుద్ధంగా ప్రైవేటు గోడల మీద ఉన్నవి 72 గంటల్లో తీసేయాలి. అంటే ప్రకటన రాకముందు ఒకసారి, సున్నం డబ్బాలతో మున్సిపల్ సిబ్బంది దిగినప్పుడు ఇంకోసారి, మూడో రోజు తెల్లగా మిగిలినప్పుడు మరోసారి. సినిమాకి మొదలు, మధ్య, చివర వాటంతటవే వచ్చేశాయి.

మొదటి మూడు రోజులు కెమెరా తీసుకెళ్లొద్దు

ఫోన్ జేబులోనే ఉంచండి. ఒక నోట్‌బుక్, పెన్ను. ఉదయం ఆరున్నరకి ఒకరోజు, మధ్యాహ్నం ఒకరోజు, చీకటి పడే వేళ ఒకరోజు వెళ్లండి. ఎండ గోడ మీదికి ఎన్నింటికి ఎక్కుతోంది, ఎన్నింటికి దిగిపోతోంది రాసుకోండి. తూర్పు ముఖంగా ఉన్న గోడైతే పొద్దున్నే నిండా ఎండ పడుతుంది, ఇరుకు గల్లీలో అయితే మధ్యాహ్నం ఓ గంట తప్ప అసలు పడకపోవచ్చు. ఎండ గోడకి ఎదురుగా కొడితే రంగులు వెలవెలబోతాయి, పక్కనుంచి ఏటవాలుగా పడితే ప్లాస్టరింగ్ బీటలు, పెచ్చులు, బ్రష్ గీతలు అన్నీ లేచి కనబడతాయి. ఆ పక్క వెలుతురు ఉండేది పదిహేను ఇరవై నిమిషాలే, అది ఎప్పుడొస్తుందో మీకు ముందే తెలిసుండాలి.

చప్పుళ్లు కూడా రాసుకోండి. నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, మసీదు అజాన్, గుడి మైకు, స్కూలు వదిలే టైము, పక్కన వెల్డింగ్ షాపు ఉంటే అది ఎప్పుడు మూస్తారు. ఇంటర్వ్యూ ఏ టైమ్‌లో పెట్టుకోవాలో ఈ పేజీయే చెప్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, అక్కడివాళ్లు మిమ్మల్ని చూడాలి. అక్కడే చాయ్ తాగండి, మాట కలపండి. కెమెరా లేనప్పుడు మనిషి చెప్పేది వేరు. ఒకసారి ఓ బస్తీలో ఒక పెద్దమ్మ మాతో అన్నది, ‘బొమ్మలు ఏసినంక ఫొటోలు దిగనీకి అందరొస్తున్రు బిడ్డా, నల్లా మాత్రం గట్లనే ఉన్నది.’ ఆ ఒక్క వాక్యంతో టీమ్ వాళ్లు రాసుకొచ్చిన స్క్రిప్టు మొత్తం మారిపోయింది, ఆ బొమ్మ ముందు నీళ్ల బిందెల వరసతోనే సినిమా మొదలుపెట్టారు.

అనుమతులు, చట్టం

ఈ భాగం బోర్ అని దాటేయకండి, ఇక్కడ తప్పు చేస్తే తీసిన సినిమా ఎక్కడా చూపించలేరు.

గోడ మీది బొమ్మకి కాపీరైట్ ఉంటుందా? ఉంటుంది, మామూలుగా అది వేసిన ఆర్టిస్టుదే. అయితే 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(యు) మీలాంటివాళ్లకి పెద్ద వెసులుబాటు ఇచ్చింది: బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న కళాకృతిని సినిమాలో చూపించడం కాపీరైట్ ఉల్లంఘన కిందికి రాదు. కాబట్టి రోడ్డు పక్కన ఉన్న మ్యూరల్‌ని మీ డాక్యుమెంటరీలో వాడుకోవచ్చు. కానీ అదే బొమ్మని టీషర్టు మీద వేసి అమ్మడం, దాన్ని మార్చి ఇంకోలా చూపించడం వేరే సంగతి. ఇక ఆర్టిస్టు పేరు స్క్రీన్ మీద వేయడం, సినిమా గురించి ఆయనకి ముందే చెప్పడం అనేది చట్టం అడిగినా అడక్కపోయినా చేయాలి. బొమ్మ మూలన సంతకం ఉంటుంది చూడండి, ఇన్‌స్టాగ్రామ్ పేరే రాసుకుంటారు చాలామంది.

గోడ యజమానిని అడగండి. ప్రైవేటు ఇల్లు అయితే ఇంటాయనతో, ఇంటామెతో మాట్లాడి, పేపర్ మీద రెండు లైన్లు రాయించుకోండి. మీ కాలేజీ ప్రిన్సిపాల్ లెటర్ హెడ్ మీద ఒక ఉత్తరం తీసుకోండి, పేర్లు, తేదీలు, ఏరియా అన్నీ ఉండాలి, దాని కాపీ ఒకటి ఆ ఏరియా పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి స్టాంపు వేయించుకోండి. ట్రైపాడ్ పెట్టి రోడ్డు ఆపేసే షూటింగ్ అయితే దానికి విడిగా పర్మిషన్ కావాలి, చేత్తో పట్టుకుని తీసే నలుగురు పిల్లలని మామూలుగా ఎవరూ ఆపరు, ఆపినా ఆ ఉత్తరం పనికొస్తుంది. మెట్రో స్టేషన్ లోపల, రైల్వే స్థలంలో మాత్రం రాతపూర్వక అనుమతి లేకుండా కెమెరా తీయొద్దు. పట్టాల పక్కన గోడ బాగుందని దిగితే రైల్వే చట్టం సెక్షన్ 147 కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు, అంతకన్నా ముందు అది ప్రాణం మీదికి తెచ్చుకోవడం.

అడక్కుండా గోడల మీద రాయడానికి సంబంధించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే బహిరంగ స్థలాలను వికారపరచడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. ప్రభుత్వ ఆస్తి పాడైతే 1984 నాటి కేంద్ర చట్టం ఉండనే ఉంది. అందుకని మీ సినిమా కోసం ఎవరినీ రాత్రిపూట గోడ మీద రాయమని అడగొద్దు, డబ్బులిచ్చి రాయించొద్దు, కాపలా కాయొద్దు. స్టూడెంట్ ఫిల్మ్ అని ఎవరూ వదిలెయ్యరు.

డ్రోన్ గురించి ప్రతి టీమూ అడుగుతుంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపువి నానో డ్రోన్లు, వాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, కానీ ఎక్కడ ఎగరేయొచ్చన్నది జోన్‌ని బట్టి ఉంటుంది, ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి. మక్తా లాంటి చోట పక్కనే రాజ్‌భవన్, దగ్గర్లోనే బేగంపేట విమానాశ్రయం. అక్కడ డ్రోన్ ఆలోచనే వద్దు. ఎదురింటి డాబా ఎక్కండి, చెప్పులు విప్పి, అడిగి ఎక్కండి. గోడ నిండుగా కనబడే షాట్ అక్కడినుంచే వస్తుంది, పైగా ఆ డాబా మీద బట్టలారేసే మనిషితో మీకు పరిచయం అవుతుంది.

సామాను

ఫోన్ చాలు. నిజంగానే చాలు. కెమెరా అద్దెకి పెట్టే డబ్బు ఉంటే అది మైకు మీద పెట్టండి. ఒక కాలర్ మైకు, దానికి గాలి తగలకుండా బొచ్చు తొడుగు, ఒక ట్రైపాడ్, పవర్ బ్యాంకు, రెండు హార్డ్ డిస్కులు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఫ్రీగా దొరుకుతుంది. మీ ఫోన్‌లో అది పనిచేయకపోతే ఆండ్రాయిడ్‌లో ఓపెన్ కెమెరా ఉంది. సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 పెట్టుకోండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద తీసినా మిణుకు మిణుకు రాదు.

గోడ బొమ్మలకి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది, ఇది మామూలు ఫోన్ వీడియో పాఠాల్లో చెప్పరు. ఫ్రేమంతా ఎర్ర గోడ నిండిందనుకోండి, ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుతురుని బట్టి రంగుల్ని ఫోనే సరిచేసే పద్ధతి) దాన్ని సరిచేద్దామని చూసి పక్కన నిలబడ్డ మనిషిని నీలంగా చేసేస్తుంది. కెమెరా కొంచెం జరిపితే మళ్లీ రంగు మారుతుంది. ఎడిటింగ్‌లో దీన్ని సరిచేయాలంటే ప్రాణం పోతుంది. కాబట్టి పగటి వెలుతురులో 5600 కెల్విన్ దగ్గర వైట్ బ్యాలెన్స్ లాక్ చేసేయండి, ఎక్స్‌పోజర్ కూడా లాక్ చేయండి. అలాగే మనిషిని బొమ్మకి ఆనించి నిలబెట్టి ఇంటర్వ్యూ తీయొద్దు. పచ్చ గోడ పక్కన నిలబడితే ఆ పచ్చదనం చెంప మీద పడుతుంది. కనీసం రెండు మీటర్లు ముందుకు జరపండి, వెనక బొమ్మ కాస్త మసకబారి ఇంకా అందంగా కూడా ఉంటుంది.

టీమ్ నలుగురైదుగురు మించొద్దు. ఒకరు మాట్లాడతారు, ఒకరు కెమెరా, ఒకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సౌండ్, ఒకరు చుట్టూ జనాన్ని చూసుకుంటూ సంతకాలు తీసుకుంటారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మనిషి ‘ఆగండి’ అంటే డైరెక్టరైనా సరే ఆగాలి, ఈ ఒప్పందం మొదటి రోజే చేసుకోండి.

4కె లో తీస్తే ఫోన్‌ని బట్టి గంటకి పది నుంచి ఇరవై జీబీ దాకా అవుతుంది. ఆ రోజు ఫుటేజీ ఆ రోజు రాత్రే రెండు డిస్కుల్లోకి ఎక్కించాలి, ఆ రెండు డిస్కులు ఇద్దరి ఇళ్లలో ఉండాలి. ఒకే బ్యాగులో పెట్టుకుని బస్సులో బ్యాగు మర్చిపోయిన టీమ్ నాకు తెలుసు. నెల రోజుల పని పోయింది. ఆ పిల్లల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి.

బొమ్మ పడుతున్నప్పుడు

ఆర్టిస్టు గోడ మీద పని చేస్తున్న రోజులు దొరికితే మిగతా క్లాసులు సర్దుకుని మరీ వెళ్లండి. పెద్ద మ్యూరల్‌కి నాలుగు రోజుల నుంచి పది రోజులు పట్టొచ్చు. మన దగ్గర స్ప్రే క్యాన్లు ఖరీదు కాబట్టి చాలామంది బయటి గోడల ఎమల్షన్ పెయింటుతో, రోలర్, బ్రష్‌లతోనే ఎక్కువ పని చేస్తారు, అంచులకి, నీడలకి స్ప్రే వాడతారు. చిన్న కాగితం మీది స్కెచ్ మూడంతస్తుల గోడ మీదికి ఎలా వెళ్తుందన్నది చూసేవాళ్లకి పెద్ద వింత. కొందరు గడులు గీసుకుంటారు. ఇంకొందరు గోడ నిండా పిచ్చి గీతలు, అక్షరాలు, సున్నాలు గీసి, దాన్ని ఫొటో తీసి, ఫోన్‌లో ఆ ఫొటో మీద స్కెచ్‌ని పరుచుకుని, ఏ సున్నా పక్కన కన్ను రావాలో చూసుకుంటూ గీస్తారు. ఈ దశ మొదటి పూటలోనే అయిపోతుంది, మీరు పదకొండింటికి తీరిగ్గా వెళ్తే దొరకదు.

టైమ్‌లాప్స్ (గంటల పనిని వరసగా ఫొటోలు తీసి, నిమిషాల్లో జరిగినట్టు ఆడించడం) పెట్టుకుంటే ముందే లెక్క వేసుకోండి. ఎనిమిది గంటల పనిని పది సెకన్లకి ఒక ఫొటో చొప్పున తీస్తే 2880 ఫొటోలు వస్తాయి, సెకనుకి 25 చొప్పున ఆడిస్తే దాదాపు రెండు నిమిషాలు. అంత పొడవు సినిమాలో ఎవరూ చూడరు, పది పదిహేను సెకన్లు చాలు, కానీ ఎక్కువ ఫొటోలుంటే మీకు నచ్చిన ముక్క ఎంచుకోవచ్చు. ఫోన్ కదలకుండా కట్టేయడం, ఛార్జింగు, ఎండ తగిలి వేడెక్కి ఆగిపోకుండా నీడ, ఈ మూడూ చూసుకోండి.

టైమ్‌లాప్స్ నడుస్తోంది కదా అని కూర్చోవద్దు. అసలు సినిమా దగ్గరగా వెళ్తేనే దొరుకుతుంది.

ఒకసారి ఒక పాత బోర్డు పెయింటర్ ప్రహరీ గోడ మీద రాస్తుంటే ఒక కుర్రాడు రోడ్డు అవతల ట్రైపాడ్ పెట్టుకుని మొత్తం గోడని తీస్తున్నాడు. నేను వాడి ఫోన్ తీసి చేతిలో పెట్టి, ఆ తాత మోచేతి దగ్గర కూర్చోబెట్టాను. అప్పుడు కనిపించింది అంతా. నీలం పొడి రాసిన దారం ఒక కొస సహాయకుడు పట్టుకున్నాడు, ఇంకో కొస తాత పట్టుకుని, మధ్యలో లాగి వదిలాడు, టప్‌మని గోడ మీద తిన్నగా ఒక గీత పడింది. సుద్దముక్కతో అక్షరాల కొలతలు, అంతే, స్కెచ్ లేదు. మణికట్టు కింద ఒక సన్న కర్ర ఆనించుకుని, చదునైన బ్రష్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పుతూ, ఎత్తకుండా ‘ఖ’ పొట్ట చుట్టేశాడు. లైను మొత్తం అక్షరాల ఒళ్లు రాసేసి, తలకట్లు ఒక్కటీ పెట్టకుండా వెనక్కి జరిగి చూసుకున్నాడు. తర్వాత ఎడమ చివర్నుంచి మొదలుపెట్టి వరసగా తలకట్లు పెట్టుకుంటూ పోయాడు, టక్ టక్ టక్‌మని, అన్నీ ఒకే వాలుతో. అప్పటిదాకా సగం సగం ఆకారాలుగా ఉన్నవి ఒక్కొక్కటే మాటలైపోతున్నాయి. ఆ షాట్ ఒకటిన్నర నిమిషం ఉంది, కత్తిరించకుండా అలాగే సినిమాలో పెట్టారు, హాల్లో ఎవరూ కదల్లేదు.

కాబట్టి చేతులు, డబ్బా మూత తెరవడం, రంగు కలపడం, బ్రష్ కడిగిన నీళ్లు కాలవలోకి పోవడం, ఆర్టిస్టు దూరం వెళ్లి కళ్లు చికిలించి చూసుకోవడం, ఇవన్నీ విడివిడిగా తీయండి. ప్రతి షాటూ కనీసం పది సెకన్లు కదలకుండా పట్టుకోండి. సౌండ్ మనిషి విడిగా రికార్డు చేసుకోవాలి: క్యాన్ ఊపితే లోపల గోళీ కొట్టుకునే చప్పుడు, స్ప్రే బుస్సుమనడం, రోలర్ జిగటగా పాకడం, నిచ్చెన ఈడ్చడం. ఆ స్థలంలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఉత్త వాతావరణం రికార్డు చేయండి, ఎడిటింగ్‌లో అతుకులు కప్పడానికి అదే ఆధారం. స్ప్రే దగ్గరగా తీసేటప్పుడు మాస్కు పెట్టుకోండి, లెన్సుని గాలికి ఎదురుగా పెట్టకండి.

మనుషులతో మాట్లాడించడం

ఆర్టిస్టు ఒక్కరే కాదు. ఇంటి ఓనర్, ఎదురుగా ఆటో ఆపుకునే అన్న, పోస్టర్లు అంటించే కుర్రాడు, గోడకి సున్నం కొట్టే మున్సిపల్ ఉద్యోగి. ఆ చివరి మనిషిని ఎవరూ అడగరు. రోజుకి ఎన్ని గోడలు చెరుపుతారు, ఏదైనా చెరపబుద్ధి కాక ఆగారా అని అడిగి చూడండి.

మీ గొంతు సినిమాలో ఉండదు కాబట్టి వాళ్ల జవాబు దానంతట అది అర్థం కావాలి. ‘ఈ బొమ్మ మీకు ఇష్టమా?’ అంటే ‘ఆఁ, ఇష్టమే’ అంటారు, అది ఎందుకూ పనికిరాదు. ‘ఈ గోడ మీద బొమ్మ లేనప్పుడు ఏముండేదో చెప్పండి’ అనండి. ‘మొట్టమొదటిసారి గోడ మీద గీసినరోజు ఏం జరిగింది?’ అనండి. చెప్పడం ఆగాక మీరు వెంటనే ఇంకో ప్రశ్న వేయొద్దు, ఐదు సెకన్లు ఊరుకోండి. చాలాసార్లు అసలు మాట ఆ మౌనం తర్వాతే వస్తుంది. వాళ్ల యాసలోనే మాట్లాడనివ్వండి. కెమెరా చూడగానే పుస్తకాల తెలుగులోకి వెళ్లిపోయే పెద్దవాళ్లు ఉంటారు, వాళ్లతో ముందు పది నిమిషాలు పిల్లల గురించి, ఊరి గురించి మాట్లాడితే టెన్షన్ తగ్గి మామూలు మాటలోకి వస్తారు. ఉర్దూలో మాట్లాడే ఇంటివాళ్లయితే ఉర్దూ వచ్చినవాళ్లే అడగాలి, తెలుగులోకి లాగొద్దు.

ఫ్లైఓవర్ కింద ఇంటర్వ్యూ పెట్టకండి. పిల్లర్ల మీద బొమ్మలు బాగుంటాయని ఒక టీమ్ అక్కడే నలభై నిమిషాలు తీసింది, లారీ హారన్లు తప్ప ఒక్క వాక్యం తిన్నగా వినబడలేదు. మాట ఇంట్లోనో గుడి అరుగు మీదో రికార్డు చేసుకుని, పిల్లర్ల షాట్లు ఆ మాటల మీద వేసుకోవచ్చు.

మాట్లాడిన ప్రతి ఒక్కరి దగ్గరా సమ్మతి తీసుకోండి, తెలుగులో రాసిన కాగితం, చదవలేనివాళ్లకి చదివి వినిపించి, ‘నా మాటలు, నా బొమ్మ ఈ సినిమాలో వాడుకోవచ్చు’ అని కెమెరాలోనే చెప్పించండి. పిల్లలైతే అమ్మానాన్నల సంతకం. పని ఆపి మీకోసం గంట కూర్చున్న కూలీ మనిషికి ఆ గంట కూలి ఇవ్వండి, ఫలానా మాట చెప్పమని మాత్రం అడగొద్దు.

ముఖం చూపించలేని ఆర్టిస్టు ఉంటే

ముఖం బ్లర్ చేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. చేతి ఉంగరం, పచ్చబొట్టు, చెప్పులు, బండి నంబరు, గొంతు, వెనక కనిపించే కిటికీ, వీటిలో ఏదో ఒకటి పట్టిస్తుంది. అసలు ముఖమే రికార్డు చేయొద్దు. వీపు వైపు నుంచి, లేదా నీడని, లేదా గ్లవ్స్ వేసుకున్న చేతుల్ని మాత్రమే తీయండి. గొంతు మార్చే బదులు అతని మాటల్ని మీ టీమ్‌లో ఒకరు చదివితే ఇంకా మంచిది, అలా చదివామని స్క్రీన్ మీద చెప్పండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయండి, లేకపోతే ప్రతి వీడియో ఫైల్లో ఆ స్థలం నమోదవుతుంది. ఒరిజినల్ ఫైళ్లు గ్రూపు డ్రైవ్‌లో పెట్టొద్దు. ఫైనల్ కట్ అతనికి చూపించి, వద్దన్న షాట్ తీసేయండి, ఎంత గొప్ప షాటైనా సరే. అతను రిస్కు తీసుకున్నది గోడ కోసం, మన సినిమా కోసం కాదు.

ఎడిటింగ్

పది నిమిషాల సినిమాకి ఎనిమిది పది గంటల ఫుటేజీ ఉంటుంది. డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ చాలు, లాప్‌టాప్ చిన్నదైతే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం ఫుటేజీకి చేసుకునే తక్కువ సైజు కాపీలు) చేసుకోండి. అయితే సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఇంటర్వ్యూలన్నీ కాగితం మీదికి ఎక్కించండి, టైమ్‌తో సహా. నచ్చిన మాటలు చీటీలుగా కత్తిరించి నేల మీద పరిచి వరస మార్చుకుంటూ చూడండి. విసుగ్గానే ఉంటుంది, కానీ రెండు రోజుల్లో సినిమా ఏమిటో తెలిసిపోతుంది.

గోడకి జరిగిందే మీ కథ, ముందు ఖాళీ గోడ, తర్వాత పని, తర్వాత దానితో బతుకు. వ్యాఖ్యానం లేకుండా ప్రయత్నించండి, ‘గ్రాఫిటీ అనేది ఒక కళ’ అని మీరు చెప్పక్కర్లేదు. మ్యూరల్‌ని మొదటి ఫ్రేములోనే నిండుగా చూపించేస్తే చూసేవాళ్లకి ఎదురుచూడటానికి ఏమీ ఉండదు. ముక్కలు ముక్కలుగా చూపించి, పూర్తి గోడని ఏ ఐదో నిమిషంలోనో ఒక్కసారి తెరవండి.

అనుకోనిది జరిగితే దాన్ని దాచకండి. ఒక టీమ్ రెండో విడత షూటింగ్‌కి వెళ్లేసరికి వాళ్ల బొమ్మ సగానికి ఒక కోచింగ్ సెంటర్ పోస్టర్లు అంటించేసి ఉన్నాయి. పిల్లలు నీరుగారిపోయారు, చింపేసి తీద్దామా అని ఫోన్ చేశారు. చింపొద్దు, అలాగే తీయండి అన్నాను. బొమ్మలోని ఆమె కళ్లు మాత్రం పోస్టర్ల పైన మిగిలాయి. వాళ్ల సినిమాలో చివరి షాట్ అదే.

పాటల జోలికి వెళ్లొద్దు. వెనక ఆటోలో సినిమా పాట వినబడినా యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ రావొచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది, కాలేజీలో డప్పు వాయించే ఫ్రెండ్ ఉంటే అంతకన్నా మంచిది.

తెలుగు టైటిల్స్ దగ్గర చాలామంది ఇబ్బంది పడతారు, ఒత్తులు విడిపోయి అక్షరాలు చెల్లాచెదురవుతాయి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ప్రీమియర్‌లో అయితే సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. ఎక్కడా కుదరకపోతే వేరే దాంట్లో టైటిల్ చేసి పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకోండి. నేనైతే ఇంకో దారి చెప్తాను: సినిమా పేరుని ఆ బోర్డు పెయింటర్ తాతతోనే ఒక రేకు మీద రాయించండి, ఆయన అడిగిన డబ్బు ఇచ్చి, రాస్తుండగా తీసి, అదే టైటిల్‌గా వాడండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రెండు లైన్లు దాటకుండా చూసుకోండి, యాసలోని మాటలకి అర్థం తెలిసిన మనిషితో ఒకసారి సరిచూపించండి.

చూపించడం

తిరువనంతపురంలో జరిగే ఐడీఎస్‌ఎఫ్‌ఎఫ్‌కే డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ పండగలో క్యాంపస్ సినిమాలకి విడిగా చోటు ఉంటూ వస్తోంది, ఆ ఏడాది నిబంధనలు చూసుకుని పంపండి. కొన్ని ఫెస్టివల్స్ ముందే యూట్యూబ్‌లో పెట్టిన సినిమాలు తీసుకోవు, కాబట్టి అప్‌లోడ్ చేసేముందు ఆలోచించుకోండి. టికెట్ పెట్టి థియేటర్లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి.

కానీ మొదటి షో ఆ గల్లీలోనే వేయండి. కాలేజీ ప్రొజెక్టర్ ఒక రాత్రికి అడిగి తెచ్చుకోండి, ఎవరింట్లోనో ఒక తెల్ల దుప్పటి, ఒక స్పీకరు, కరెంటు ఇచ్చిన ఇంటికి ముందే చెప్పి పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు. పూర్తిగా చీకటి పడ్డాక, ఏడున్నర ఎనిమిదికి మొదలుపెట్టండి, పిల్లలు ముందు కూర్చుంటారు, పెద్దవాళ్లు గుమ్మాల దగ్గర నిలబడతారు. మాట్లాడినవాళ్లందరినీ ముందురోజు ఇంటికెళ్లి పిలవండి, మున్సిపల్ సున్నం మనిషినీ పిలవండి. షో అయ్యాక లైటు వెయ్యగానే సామాను సర్దకండి, ఒక గంట అక్కడే ఉండండి, నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. ఎవరో ఒకరు వచ్చి ‘ఇది మీరు తప్పు చెప్పిన్రు, ఆ గోడ మా తాత కట్టిండు’ అంటారు. పేరు, కట్టిన సంవత్సరం అడిగి రాసుకోండి, మర్నాడు కట్ మార్చండి.